చీకటి మేఘాలను చూసిన బర్నార్డ్

వేసవి రాత్రి దీపాలు లేని ఊళ్ళో డాబా మీద పడుకుంటే పాలపుంత కనిపిస్తుంది. దాని మధ్య అక్కడక్కడ నల్లటి మచ్చలుంటాయి. అక్కడ చుక్కలే లేవా? ఉన్నా మనకు కనబడడం లేదా? ఈ ప్రశ్నతో ఏళ్ళ తరబడి గడిపిన ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ గురించి తెలుసుకుందాం.

బర్నార్డ్ 1857లో అమెరికాలోని నాష్‌విల్‌లో పుట్టారు. ఆయన పుట్టకముందే తండ్రి చనిపోయారు. ఇల్లు గడవక తొమ్మిదో ఏటనే ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరారు. ఫొటోలను పెద్దవి చేసే యంత్రాన్ని సూర్యుడు కదిలేకొద్దీ అటువైపు తిప్పుతూ ఉండడమే ఆ పిల్లవాడి పని. బడికి వెళ్ళింది రెండు నెలలే.

పెద్దయ్యాక కూడబెట్టిన డబ్బుతో టెలిస్కోపు కొన్నారు. అప్పట్లో కొత్త తోకచుక్కను కనిపెడితే 200 డాలర్ల బహుమతి ఉండేది. ఆ బహుమతులతోనే ఇంటి అప్పు తీర్చుకున్నారు. 1888లో కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో చేరారు. 1892లో గురుగ్రహపు ఐదో ఉపగ్రహాన్ని కనుగొన్నారు.

లిక్‌లోనే, మనుషుల ఫొటోల కోసం తయారైన ఒక లెన్సుతో పాలపుంతను ఫొటో తీశారు. మసక వెలుగు ప్లేటు మీద పడాలంటే గంటల తరబడి లెన్సు తెరిచే ఉంచాలి. భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు జరిగిపోతాయి. అందుకే ఒక చుక్కను గురిగా పెట్టుకుని, చలిలో కన్ను తిప్పకుండా, టెలిస్కోపును దానితోపాటే నడపాలి. చిన్నప్పుడు సూర్యుడితో చేసిన పనే ఇక్కడా!

ఆ ఫొటోల్లో నల్లని మచ్చలు స్పష్టంగా పడ్డాయి. అవి చుక్కలు లేని ఖాళీలని ఆయన మొదట అనుకున్నారు. తర్వాత యెర్కీస్ అబ్జర్వేటరీకి మారారు. 1913 వేసవిలో ఒక రాత్రి ఫొటో తీస్తుండగా, చిన్న చిన్న మబ్బు తునకలు పాలపుంతకు అడ్డంగా నల్లగా కనిపించాయి. తన ఫొటోల్లోని మచ్చలూ అచ్చం ఇలాగే ఉన్నాయని తట్టింది. పాత అభిప్రాయాన్ని పట్టుకుని కూర్చోలేదు. 1919లో 182 నల్లని మచ్చల పట్టిక ప్రకటించారు. అవి వెనకున్న చుక్కల వెలుగును ఆపే ధూళి మేఘాలని ఇప్పుడు మనకు తెలుసు.

1923లో బర్నార్డ్ కన్నుమూసేసరికి ఆయన ఫొటోల పుస్తకం పూర్తికాలేదు. ఆయన భార్యకు మేనకోడలైన మేరీ కాల్వర్ట్, ఎడ్విన్ ఫ్రాస్ట్‌తో కలిసి దాన్ని 1927లో వెలువరించారు.

బదిలీల వల్ల మనకు ఊళ్ళు మారతాయి, బళ్ళు మారతాయి, పాఠాలు మధ్యలో తప్పిపోతాయి. రెండు నెలల బడితో మొదలైన ఈ జీవితం అప్పుడు గుర్తుచేసుకుందాం. కొత్త ఊళ్ళో ఒక చీకటి రాత్రి దక్షిణాన వృశ్చికం, ధనుస్సు వైపు చూద్దాం. ఆ నల్లని మచ్చలు అక్కడే ఉంటాయి.