అడ్డపొగ కొండల్లో యల్లాప్రగడ కథ

మా అరకు వైపు జన్యువు అన్న మాట సికిల్ సెల్ పరీక్షలతోపాటే ఊళ్లలోకి వచ్చింది. ఇప్పుడు ఏ ముసలమ్మకైనా నోట్లో పుండు పడి మానకపోతే, ఇదీ పుట్టుకతో వచ్చిందే, ఎవరేటి చేస్తారు అనీసి ఊరుకుంటున్నారు. రెండూ జన్యువులో తప్పులే గానీ, రెండూ ఒకటి కావు. ఆ తేడా చెప్పాలంటే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారి బతుకే గుర్తొస్తాది. సికిల్ పిల్లలకు పీహెచ్‌సీలో ఇచ్చే చిన్న పసుపు మాత్ర, ఫోలిక్ యాసిడ్, ఉంది చూడండి. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద ఆయనే.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస లేదు. ఇంట్లోంచి పారిపోయి, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని బయల్దేరిన పిల్లడు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. సన్యాసం పుచ్చుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు, అప్పుడు మద్రాసులో డాక్టరీ చదివారు. గాంధీ మాట విని ఖద్దరు కట్టి ఆపరేషన్ గదిలోకి వెళ్లినందుకు తెల్ల ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. పూర్తి డిగ్రీకి బదులు చిన్న డిగ్రీ చేతికొచ్చింది.

ఆ రోజుల్లోనే అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తరిగిపోతాది. ఆ జబ్బుకి ఫోలిక్ యాసిడ్ మందుగా పనిచేస్తుందని లోకానికి తెలిసేసరికి పాతికేళ్లు దాటిపోయాయి. అది చేతికొచ్చిననాడు ఆయన ఏమనుకున్నారో గానీ, నాకైతే ఆ ఇద్దరు అన్నదమ్ములే కళ్లముందు మెదులుతారు.

తర్వాత బోస్టన్. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు, ఆయన మళ్లీ ఈ దేశం రాలేదు. రాత్రుళ్లు ఆస్పత్రిలో ఊడిగం, పగలు హార్వర్డ్‌లో పరిశోధన. ఫిస్క్‌తో కలిసి 1929 నాటికి ఏటీపీని, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేన్ని, బయటపెట్టారు. అంత చేసినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. బోదకాలు మాత్ర, అదే డీఈసీ, ఆ కంపెనీలో ఆయన చూసిన పరిశోధనల నుంచి వచ్చిందే.

అసలు సంగతి అక్కడే జరిగింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు ముందు ఫోలిక్ యాసిడ్ లాంటివే ఇచ్చి చూశారు. జబ్బు ఇంకా ఎగిసింది. అలాగైతే దీన్ని అడ్డుకునేది ఇస్తే ఏమవుతాదని అడిగితే, సుబ్బారావు గారి బృందం అమినోప్టెరిన్ చేసిచ్చింది. చూడ్డానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉంటాది, కణం దాన్ని పట్టుకుని మోసపోతాది. 1948 జూన్‌లో అచ్చయిన లెక్క ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కానీ నిలవలేదు, తిరగబెట్టింది. రెండు నెలలకే, ఆ ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు. 53 ఏళ్లు.

డీఎన్ఏ ఎలగుంటాదో లోకానికి తెలిసింది 1953లో. అంటే తను ఆపుతున్నదేటో పూర్తిగా చూడకుండానే ఆయన వెళ్లిపోయారు. కణం రెండయినప్పుడల్లా తన రాతంతా నకలు రాసుకోవాలి. ఆ అక్షరాలు తయారవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది అందకపోతే నకలు ఆగిపోతాది, కణం చస్తాది. సికిల్ సెల్‌లో ఒకే అక్షరం తప్పు. అది తల్లిదండ్రుల నుంచి వస్తాది, పుట్టినప్పుడే ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటాది. క్యాన్సర్ చాలావరకు అలగ కాదు. ఏదో ఒక్క కణంలో, బతుకు మధ్యలో, తప్పు మీద తప్పు పడతాది. పెరగమనే జన్యువు ఆగడం మర్చిపోతాది, ఆపే జన్యువు పాడైపోతాది. ఆ కణం పిల్లలన్నిటికీ అదే తప్పుల రాత అందుతాది. మందు వేస్తే చాలా చస్తాయి, కొన్ని మాత్రం ఇంకో మార్పుతో మందునే తట్టుకుంటాయి. ఫార్బర్ పిల్లల్లో జబ్బు తిరగబెట్టడానికి ఇలాంటి మార్పులే కారణమని తర్వాతి వాళ్లకు అర్థమయింది. అందుకే ఇప్పుడు అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్‌ని ఇంకొన్ని మందులతో కలిపి ఇస్తారు.

ఇక మన అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లోనూ, ఈ కొండల్లోనూ ఆడోళ్లు చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. వేడికి అంగిలి కణాలు చస్తుంటే పక్కవి గబగబా రెండవుతాయి, అంటే నకళ్లు ఎక్కువ. అదే టైముకి పొగలోని రసాయనాలు డీఎన్ఏకి అంటుకుని ఆ నకళ్లలో తప్పులు పెడతాయి. తప్పుల్ని కాపలా కాసే పీ53 జన్యువు దెబ్బతిందంటే ఇక అడ్డు ఉండదు. ఇది తాతల నుంచి దిగిన రాత కాదు, ఏళ్ల తరబడి పొగ రాసిన రాత.

అంగిలి క్యాన్సర్‌కి ముందు ఆపరేషన్, రేడియేషనే దిక్కు. మెథోట్రెక్సేట్ లాంటి మందులది పక్క పాత్ర. కానీ దానికి ముందు ఏళ్ల వ్యవధి ఉంటాది. అంగిలి తెల్లబడతాది, మధ్యలో ఎర్ర చుక్కలు కనిపిస్తాయి, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ దశలో పొగ మానేస్తే ఆ మచ్చలు చాలామందిలో తగ్గొచ్చు. టార్చిలైటు వేసి నోరు తెరిపిస్తే చాలు, ఆశా కార్యకర్తకైనా కనిపిస్తాది. సికిల్ పరీక్షకు వేలు గుచ్చడానికి ఇంటింటికీ వస్తున్నారు కదా. అదే రోజు ఆ ఇంట్లో ముసలమ్మ నోరు కూడా ఒకసారి చూడమని అడగండి.