పుట్టపర్తి నారాయణాచార్యులు: సొంత పుస్తకమే సిలబస్.. అయినా పరీక్ష తప్పారు!

తాను రాసిన కావ్యమే పరీక్షకు పాఠ్యపుస్తకం. అయినా ఫెయిల్! సినిమా కథలా ఉంది కదూ.. కానీ రాయలసీమ సాహిత్యాభిమానులు ఇప్పటికీ చెప్పుకునే సంగతి ఇది. ఆ విద్యార్థి మరెవరో కాదు.. సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులు.

1914 మార్చి 28న అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టారు. పెరిగింది పెనుకొండలో. సంప్రదాయ వైష్ణవ కుటుంబం కావడంతో సంస్కృతం ఇంట్లోనే అబ్బింది. ఇంగ్లీషు సాహిత్యం మాత్రం అక్కడి ఆంగ్లేయ అధికారి భార్య, పిట్ దొరసాని దగ్గర చదువుకున్నారు. అంతేనా.. సంగీతం, నాట్యం కూడా నేర్చారు. ఆచార్యుల ఇంటి కుర్రాడు కాలికి గజ్జె కట్టాడు. నాటకాల్లో ఆడవేషాలూ వేశాడు.

చిన్న వయసులోనే రాసిన పెనుగొండలక్ష్మి కావ్యం విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమైంది. ఆ పరీక్షకు ఆయనే కూర్చున్నారు. చిన్న ప్రశ్నకు పేజీలకు పేజీలు జవాబు రాస్తూ పోయారని, టైమ్ అయిపోయి మిగతా ప్రశ్నలు వదిలేశారని చెబుతారు. కవికి తెలిసింది కొండంత.. పేపర్ అడిగింది గోరంత!

మరి ఆ గజ్జెల చదువు ఏమైంది? కడప జిల్లా ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో పుట్టిన శివతాండవంలో బయటపడింది. అందులో శివుడి ఉద్ధత నృత్యమే కాదు, పార్వతి లాస్యం కూడా ఉంది. మగవాడి అడుగు, ఆడదాని అడుగు రెండూ తెలిసిన మనిషి రాసిన కావ్యమది. ఈ పాఠం ఏ సిలబస్‌లోనూ లేదు.

అలాగని ఆయన బడిని కాదనలేదు. తానే తెలుగు పంతులై కడప జిల్లాలో పిల్లలకు పాఠాలు చెప్పారు. 14 భాషల పండితుడిగా పేరు తెచ్చుకున్నారు. విశ్వనాథ వారి ఏకవీరను మలయాళంలోకి అనువదించారు. 1972లో పద్మశ్రీ వరించింది.

ఆ రోజుల్లో మగవాళ్లు ఆడవేషం కట్టడం మామూలే. వేషాన్ని బట్టి మనసులోని గుర్తింపును తేల్చలేం కూడా. కానీ ఇవాళ కడపలోనో, కర్నూలులోనో కాలేజీ కుర్రాడు నడుము కదిపి ఆడితే వెనక నుంచి వెకిలి నవ్వులు. నేనెవరు అన్న ప్రశ్న నిజంగానే మనసులో ఉన్నవాడైతే ఆ నవ్వుకు క్లాసు ఎగ్గొడతాడు, చివరికి చదువే మానేస్తాడు. లింగ గుర్తింపు ఎవరిది వారే చెప్పుకునే హక్కును 2014లో సుప్రీంకోర్టు గుర్తించింది. స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో తేల్చింది. కోర్టు చెప్పేసింది.. క్లాస్‌రూమే ఇంకా నేర్చుకోవాలి.

పుట్టపర్తి వారు 1990 సెప్టెంబర్ 1న కన్నుమూశారు. ఆయన తప్పిన పరీక్షలో వచ్చిన మార్కులెన్నో ఇప్పుడెవరూ అడగరు. శివతాండవం మాత్రం సీమలో పెద్దలు, పిల్లలు ఇవాళ్టికీ గొంతెత్తి చదువుతున్నారు.