దీపధారిణి ఫ్లోరెన్స్ నైటింగేల్: నిద్రలేని రాత్రులు నేర్పిన పాఠం

ఏటా మే 12వ తేదీన ఆసుపత్రులలో నర్సుల దినోత్సవం జరుపుతారు. గోడకు ఒక పటం తగిలించి, పూలదండ వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ పటంలో చేత దీపం పట్టుకొని నడిచే దొరసానే ఫ్లోరెన్స్ నైటింగేల్. రాత్రంతా మేలుకొని రోగులను చూసుకున్న మహాతల్లిగా లోకం ఆమెను తలచుకుంటుంది. అయితే ఆ జాగారం ఆమె శరీరాన్ని ఏం చేసిందో, తన తర్వాత వచ్చే నర్సులకు ఆ గతి పట్టరాదని ఆమె ఏం చేశారో తెలిసినవారు తక్కువ.

నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టారు. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో బాగా కలిగినవారు. తండ్రి ఇంటివద్దనే ఆమెకు భాషలు, చరిత్ర నేర్పారు. నర్సు పనికి పోతానని కూతురు పట్టుబడితే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో నర్సులంటే తాగుబోతులనీ, గతిలేనివారనీ చెడ్డపేరు ఉండేది. ఏళ్ళ తరబడి పోరాడి, 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో ఆమె శిక్షణ పొందారు. 1853లో లండన్‌లో జబ్బుపడిన స్త్రీల కోసం నడిపే ఒక చిన్న ఆసుపత్రికి పెద్దగా చేరారు.

మెట్ల మీద పడక

ఆ కాలపు ఆసుపత్రుల తీరుతెన్నులను ఆమె శ్రద్ధగా తెలుసుకొని రాసిపెట్టుకునేవారు. లండన్‌లో నర్సుల బతుకు దీనంగా ఉండేది. వార్డు తలుపుల బయట, మెట్లు మలుపు తిరిగే చోట, చెక్క బోనుల వంటి అరలలో వారు పడుకోవాలి. గాలి ఉండదు, వెలుతురు ఉండదు. రాత్రంతా పనిచేసిన నర్సు పగలు అక్కడ నడుం వాల్చితే, వచ్చే పోయే జనం అలికిడికి కన్ను మూతపడదు. నర్సులు తాగుడుకు బానిసలని అందరూ తిట్టేవారే గాని, వారికి పడుకునే చోటు ఉందా అని అడిగినవారు లేరు. నైటింగేల్ కంట ఆ సంగతి పడింది.

స్కుటారీలో

ఇంతలో క్రిమియా యుద్ధం వచ్చింది. రష్యా మీద బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ కలిసి పోరాడుతున్నాయి. బ్రిటిష్ సైనికులు గాయాలతో, కలరాతో టర్కీలోని స్కుటారీ ఆసుపత్రికి చేరి దిక్కులేక చనిపోతున్నారని పత్రికలలో వచ్చింది. ప్రభుత్వం కోరిక మేరకు నైటింగేల్ 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని 1854 నవంబరు 4న అక్కడికి చేరారు.

ఆసుపత్రిగా మార్చిన ఆ సైనిక బారకాసులో ఎలుకలు, పేలు, కుళ్ళు కంపు. వచ్చిన స్త్రీలందరికీ కలిపి ఇచ్చినవి కొద్ది గదులే. రాత్రి 8 దాటితే మిగతా నర్సులను వార్డులలోకి రానివ్వరాదని నైటింగేల్ కట్టుబాటు పెట్టారు. మగవారి వార్డులలో ఆడవారి మీద మాట రాకుండా ఉండేందుకే ఆ నియమం. తాను మాత్రం లాంతరు పట్టుకొని వార్డులన్నీ తిరిగేవారు. పటాలలో గీసే నూనె ప్రమిద కాదది. గుడ్డతో చేసిన టర్కీ మడత లాంతరు.

తిరిగి వచ్చాక కూడా పడక లేదు. సరుకుల లెక్కలు, మంత్రికి నివేదికలు, చనిపోయిన సైనికుల ఇళ్ళకు ఉత్తరాలు రాస్తూ కూర్చునేవారు. రోజులో 20 గంటలు నిలబడే ఉన్న సందర్భాలూ ఉన్నాయి.

అయినా మరణాలు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందికి 42 మంది చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం వచ్చి మురుగు కాలువలు బాగుచేసి, చెత్తను బళ్ళకెత్తించి, గాలి ఆడేట్టు చేసింది. ఆ తర్వాతనే చావులు గబగబా తగ్గాయి. ఇంగ్లండు తిరిగి వెళ్ళాక లెక్కలన్నీ ముందు వేసుకొని చూసినప్పుడు నైటింగేల్‌కు ఈ నిజం బోధపడింది. ఒక మనిషి నిద్ర మానుకున్నంత మాత్రాన రోగులు బతకరు, ఏర్పాటు సరిగా ఉండాలి. ఆ తర్వాత ఆమె చేసిన పనులన్నిటికీ ఇదే పునాది.

మంచం పట్టిన బతుకు

1855 మేలో ఆమె యుద్ధరంగానికి దగ్గరలోని ఆసుపత్రులను చూడబోయి జ్వరాన పడ్డారు. కొన్నాళ్ళు చావుబతుకుల మధ్య ఉన్నారు. కోలుకోకుండానే పనిలోకి దిగారు. 1856లో ఇల్లు చేరేసరికి మనిషి సగమైపోయారు. 1857 ఆగస్టులో పూర్తిగా కుప్పకూలారు. గుండె దడ, వెన్నునొప్పి, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, దిగులు. తర్వాతి ఏళ్ళలో చాలాకాలం మంచం మీదనే గడిచింది. అది పశువుల నుంచి, పచ్చిపాల ద్వారా మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ అయి ఉండవచ్చునని ఇటీవలి వైద్యులు కొందరు అభిప్రాయపడ్డారు. జబ్బు ఏదైనా, విశ్రాంతి ఎరుగని ఒంటి మీద అది తిష్ఠ వేసింది.

ఆమె తప్పూ లేకపోలేదు. తాను విశ్రాంతి తీసుకోలేదు, పక్కవారినీ తీసుకోనివ్వలేదు. సైన్యపు ఆరోగ్య సంస్కరణలలో ఆమెకు కుడిభుజంగా నిలిచిన మంత్రి సిడ్నీ హెర్బర్ట్ మూత్రపిండాల జబ్బుతో క్షీణిస్తున్నా, పని వదలవద్దని ఒత్తిడి పెట్టారు. 1861 ఆగస్టులో హెర్బర్ట్ చనిపోయారు. ఆ దెబ్బకు ఆమె మరింత కుంగిపోయారు.

నర్సుకొక గది

మంచం మీద ఉన్నా కలం ఆగలేదు. ప్రజలు పోగుచేసి ఇచ్చిన 40 వేల పౌన్లకు పైబడిన నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల పెట్టించారు. అక్కడ చేరిన ప్రతి పిల్లకూ పడుకోవడానికి విడిగా ఒక గది ఇచ్చారు. మెట్ల మీద బోనులు చూసిన మనిషి చేసిన ఏర్పాటది. పని గంటలు అప్పటికీ ఎక్కువే. కాని నర్సుకు కూడా నిద్ర కావాలి, అందుకు చోటు కావాలి అన్న మాట రూఢి అయింది.

1859లో ఆమె రాసిన నర్సింగు పుస్తకంలో రెండు సంగతులు నేటికీ పనికివస్తాయి. రోగిని మొదటి నిద్రలో లేపితే మళ్ళీ నిద్రపట్టడం కష్టమన్నది ఒకటి. తాను లేనప్పుడు కూడా పని సవ్యంగా జరిగేట్టు చూసేవారే అసలైన పెద్ద అన్నది రెండోది. నేను లేకపోతే గడవదు అనుకునే చోట ఎవరికీ విశ్రాంతి ఉండదు.

ఇండియాకు ఎన్నడూ రాకపోయినా ఈ దేశపు పల్లెల పారిశుద్ధ్యం, కరువుల గురించి ఆమె ఏళ్ళ తరబడి రాశారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపారు. గోదావరి డెల్టాకు కాలువలు చేసిన మేలును ఎత్తిచూపి, మిగతా చోట్లా నీరు పారించాలని వాదించారు.

వయసు మీరాక చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న తొలి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న, 90వ ఏట, నిద్రలోనే కన్నుమూశారు.

నైట్ డ్యూటీ నుంచి వచ్చిన బిడ్డ

చీకటి పడితే నిద్ర, పొద్దు పొడిస్తే మెలకువ అన్నది శరీరానికి పుట్టుకతో వచ్చిన లెక్క. రాత్రి డ్యూటీ చేసే నర్సు ఆ లెక్కకు ఎదురీదుతుంది. పగటి నిద్ర తక్కువసేపు పడుతుంది, తేలిగ్గా చెడుతుంది. వారాల తరబడి ఇలా సాగితే మతిమరుపు, చిరాకు, పని మీద విరక్తి వస్తాయి. పనిభారంతో మనిషి ఇలా లోపల ఆరిపోవడాన్ని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉద్యోగం వల్ల కలిగే స్థితిగా గుర్తించింది. అంటే లోపం నర్సులో కాదు, పని ఏర్పాటులో ఉందన్నమాట. మరుసటి ఏడాది కరోనా వచ్చినప్పుడు ఈ కష్టం లోకమంతా చూసింది.

ఎన్నో పల్లెల నుంచి ఆడపిల్లలు నర్సులై పట్నాలలో పనిచేస్తున్నారు. డ్యూటీ దిగి ఇంటికి వచ్చిన పిల్ల పగలు పడుకుంటే అది సోమరితనం కాదు. తలుపు దగ్గరికి వేసి, రేడియో, టీవీ తగ్గించి, ఇంటిపని ఆమెకు చెప్పకుండా, నిద్ర తీరేదాకా కదపకుండా ఉంచాలి. ఆ రాత్రి ఆమె చూసే రోగులకు కూడా అది మేలే. దీపం పట్టిన తల్లికి దండ వేసేవారు ఇదీ గుర్తుంచుకోవాలి.