అర్థం అడిగిన మనిషి: సురవరం ప్రతాపరెడ్డి

మా మెట్‌పల్లి దిక్కు ఇండ్లల్ల కోపం వచ్చినా నవ్వు వచ్చినా ముందు సామెత వస్తుంది, తర్వాతే మాట. ఒకరి మీది కోపం ఇంకొకరి మీద పడితే ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంటారు. గిన్నెలు గట్టిగా చప్పుడైతే అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. ఇద్దరికి పోలికే లేదనుకుంటే నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా అంటారు. వీటిని మనమూ వాడుతాం. మంగలం అంటే ఏంది, దుత్త అంటే ఏంది అని అడిగితే మాత్రం మన వయసు వాళ్లలో చాలామంది ఆగిపోతారు. ఎప్పుడు వాడాలో తెలుసు, భావం తెలుసు. మధ్యల ఉన్న వస్తువే తెలియదు.

ఇట్లాంటి మాటలను కూడా చరిత్ర కింద లెక్కగట్టిన మనిషి మన తెలంగాణలోనే పుట్టారు. 2025లో హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టినప్పుడు మనలో కొందరు ఆ పేరు మొదటిసారి విన్నారు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ముందు నుంచి బస్సులో ఎన్నిసార్లు పోయినమో లెక్కలేదు. అందుకే ఈ సంచికలో సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి రాస్తున్నాను.

ఆయన 1896 మే 28న ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో పుట్టారు. మాది గోదావరి దిక్కు, ఆయనది కృష్ణా తుంగభద్రల నడుమ. తెలంగాణకు ఆ కొస ఒకటి, ఈ కొస ఒకటి. చదువు కర్నూలులో, హైదరాబాద్‌లో, మద్రాసులో సాగింది. బి.ఏ., ఆ తర్వాత లా పూర్తి చేశారు. కొన్నాళ్లు వకీలుగా పనిచేశారు. హాయిగా ప్రాక్టీసు చేసుకుంటూ బతకగలిగిన మనిషి. కానీ హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యత మీదేసుకుని, విద్యార్థులూ పుస్తకాలూ లైబ్రరీ అనే లోకంలోకి వచ్చేశారు.

అప్పటి పరిస్థితి కొంచెం ఊహించుకోవాలి. నిజాం రాజ్యంలో ఎక్కువ మంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. కచేరీలో, కోర్టులో, పై చదువుల్లో నడిచేది ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలు కూడా ఉర్దూలోనే. తెలుగు చదవడానికి పేపరు దొరకడమే కష్టం. అటువంటి కాలంలో 1926లో గోలకొండ పత్రిక మొదలైంది. దాన్ని నడిపింది ప్రతాపరెడ్డి గారే. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రికలో వార్తలతో పాటు సాహిత్యం, చరిత్ర, ఊళ్ల కష్టాలు అన్నీ ఉండేవి. 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగితే దానికి అధ్యక్షుడు కూడా ఆయనే.

ఆయన స్వభావం తెలియాలంటే ఒక్క సంగతి చాలు. తెలంగాణలో తెలుగు కవులు లేనే లేరని ఒక పండితుడు రాశారు. దానికి చాలామందికి కోపం వచ్చింది. ప్రతాపరెడ్డి గారికీ వచ్చే ఉంటుంది. కానీ ఆయన వాదానికి దిగలేదు, వెతకడానికి దిగారు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో గోలకొండ కవుల సంచిక పేరుతో అచ్చు వేస్తే అందులో 354 మంది కవులు తేలారు. ఇక లేరనడానికి ఎవరికీ నోరు రాలేదు. లేదు అన్నవాళ్లకు ఉన్నదంతా కుప్పపోసి చూపించడమే ఆయన పద్ధతి.

పత్రిక నడపడం సులువుగా సాగలేదు. సంపాదకీయాలు ముందు సర్కారుకు చూపించి, ఒప్పుకున్నాకే అచ్చు వెయ్యాలని ఆంక్ష పెట్టారు. అప్పుడు ఆయన ఆ జాగాలో సొంత మాట రాయడం ఆపి, ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆలోచనాపరుల సూక్తులు వెతికి పెట్టారు. ఎక్కడివో, ఎప్పటివో మాటలు. చదివేవాళ్లకు మాత్రం అవి ఇక్కడివే, ఇప్పటివే అనిపిస్తాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా వాడకట్టు అవ్వలు గుర్తొచ్చారు. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, తలెత్తకుండా, ఎవరి పేరూ ఎత్తకుండా ఒక సామెత వదులుతారు. తగలాల్సినవాళ్లకు తగులుతుంది. అన్నట్టూ ఉండదు, అననట్టూ ఉండదు. పాత మాటకు ఆ బలం ఉంది. ఇల్లయినా సంస్థానమైనా, నోరు తెరిచి మాట్లాడే వీల్లేనివాళ్లకు అది అక్కరకొస్తుంది.

ఇక ఆయన అసలు పని, 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అప్పటిదాకా చరిత్ర అంటే ఏ రాజు ఎప్పుడు గెలిచాడు, ఎవరిని ఓడించాడు అనే లెక్క. ఆయనకు కావలసింది వేరు. ఆ రాజు రోజుల్లో జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆట ఆడారు, దేనికి భయపడ్డారు అని అడిగారు. తూర్పు చాళుక్యుల కాలం నుంచి 20వ శతాబ్దం మొదలు దాకా ఇదే ప్రశ్న వేసుకుంటూ వచ్చారు. శాసనాలు, కైఫీయతులు, విదేశీయుల రాతలు, నాణేలు, శిల్పాలు ఎట్లా ఆధారాలో, జంగం కథలు, పాటలు, సామెతలు కూడా అట్లాగే ఆధారాలని లెక్కించారు. సామెతను శాసనం పక్కన కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు.

పాల్కురికి సోమనాథుడు, శ్రీనాథుడు, కొరవి గోపరాజు వంటి కవులను ఆయన చదివిన తీరు వేరు. అలంకారాల కోసం కాదు, అందులో వంట, బట్ట, ఆట, సంత ఎక్కడున్నాయో చూడడానికి చదివారు. అట్లా చదువుతుంటే అర్థం కాని మాటలు వందల కొద్దీ తగిలాయి. నిఘంటువు తెరిస్తే క్రీడావిశేషం, పక్షివిశేషం అని ఉండేది. అంటే ఒక రకం ఆట, ఒక రకం పక్షి. ఆ జవాబుతో ఆయనకు చిర్రెత్తేది. అది ఆట అని పద్యం చదివితేనే తెలుస్తోంది. ఎట్లా ఆడతారో చెప్పకపోతే నిఘంటువు ఎందుకని ఆయన గొడవ. ఆ మాట వాడే జనం పల్లెల్లో ఉన్నారు కాబట్టి పోయి వాళ్లనే అడగాలన్నది ఆయన దారి.

ఆ దారిలో మన సామెతలను కొన్ని చూద్దాం. మంగలం సంగతి మా నానమ్మను అడిగితే చేతులతో చూపించింది. కుండ పగిలితే పారెయ్యరు. అడుగు భాగం పొయ్యి మీద పెట్టి, ఇసుక కాగబెట్టి, జొన్నలు పోసి పేలాలు వేయిస్తారు. తొలి ఏకాదశి పేలపిండికి అట్లా వేయించినవే రుచి. ఆ పెంకే మంగలం. ఇది తెలిశాక సామెత మళ్లీ అనుకుని చూడండి. ఉరిమింది ఆకాశం. పడింది దేని మీద? అప్పటికే పగిలింది, అప్పటికే మంట మీద కాలుతున్నది. తప్పు ఎవరిదైనా దెబ్బ ఎవరికి పడుతుందో ఇంతకన్నా తక్కువ మాటల్లో ఎవరు చెప్పగలరు? వస్తువు తెలియనప్పుడు ఇందులో ఉన్నది వ్యంగ్యం ఒక్కటే అనుకుంటాం. తెలిశాక జాలి కూడా కనిపిస్తుంది.

దుత్త అంటే పాలకో పెరుగుకో వాడే చిన్న కుండ. కోడలి చేతికి అందేది అదే, ఎదురు తిరగనిది కూడా అదే. నాకలోకాన్ని చాలామంది నాగలోకం అనేస్తారు. నాకం అంటే స్వర్గం. నక్క తిరిగేది నేల మీద, స్వర్గం ఉండేది పైన. అప్పుడు తేడా ఎంతో లెక్క కుదురుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవాలి అనే మాటలో రచ్చ సినిమా పేరు కాదు, లొల్లి అంతకన్నా కాదు. ఊరి జనం కూడి మంచిచెడ్డలు మాట్లాడుకునే చోటు. రచ్చబండలో ఇంకా బతికే ఉంది.

మన బ్రాంచి వాళ్లకు నచ్చే కొలతలు కూడా ఉన్నాయి. పుట్టెడు దుఃఖం అంటాం కదా, పుట్టి అనేది వడ్ల కొలత. 4 కుంచాలు 1 తూము, 20 తూములు 1 పుట్టి. కుంచం, తూము ఊరూరికి కొంత మారేవి కానీ పుట్టెడంటే ఎక్కడైనా బండికెత్తాల్సినంత బరువే. వీసమెత్తు నిజం లేదంటే పదహారో వంతు కూడా లేదని. దుఃఖాన్ని వడ్లతో కొలిచిన జనం వాళ్లు. వాళ్ల ఇంట్లో ఏది ఎక్కువ విలువైనదో ఆ ఒక్క మాటే చెప్తుంది. ప్రతాపరెడ్డి గారు సాంఘిక చరిత్ర అన్నది దీన్నే.

ఆయన 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో మొదటిసారి అవార్డులు ఇచ్చినప్పుడు తెలుగులో ఆంధ్రుల సాంఘిక చరిత్రకే వచ్చింది. తీసుకోవడానికి ఆయన లేరు.

ఆయన తరానికి ఒక అదృష్టం ఉండింది. నిఘంటువులో లేని మాటకు అర్థం చెప్పేవాళ్లు ఇంకా ఊళ్లో ఉండేవారు. మంగలం మీద పేలాలు వేయించిన చేతులు మన కాలంలో కూడా కొన్ని మిగిలి ఉన్నాయి. కుంచంతో వడ్లు కొలిచినవాళ్లు ఇంకా తక్కువ. వాళ్ల తర్వాత ఆ సామెతలు పోవు, మనం వాడుతూనే ఉంటాం. లోపల వస్తువు లేని డబ్బా లాగా వాడుతాం. మన పిల్లలు అడిగితే మంగలం అంటే వస్తువిశేషం అని చెప్తాం.

అందుకే క్లబ్ తరఫున ఒక చిన్న పని పెట్టుకుందాం. బతుకమ్మ సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్క సామెత తీసుకుని రండి. సామెత ఒక్కటే వద్దు. అందులో ఉన్న వస్తువు ఏంది, దేనితో చేస్తారు, ఎట్లా వాడతారు, చివరిసారి ఇంట్లో ఎవరు వాడారు, అన్నీ అడిగి రాసుకుని రండి. వస్తువు అటక మీద ఉంటే ఫోటో తీయండి. 354 మంది కవులు కూడా ఒక్క రోజులో కుప్ప కాలేదు.