రెండు గంటల వెలుగు అడిగిన గుమాస్తా

ఏటా సెప్టెంబరు ఆఖరి ఆదివారం మా ఇంట్లో ఒక చిన్న తతంగం జరుగుతుంది. వంటింటి గోడ గడియారం దించి ముల్లు ఒక గంట ముందుకు తిప్పుతాను. ఆ సాయంత్రం గుంటూరులో ఉన్న అమ్మకు ఫోన్ చేసి, ఇవాళ్టి నుంచి మనకు ఆరున్నర కాదు, ఏడున్నర గంటల తేడా అని గుర్తుచేస్తాను. సూర్యుడు తన దారిన తాను పోతుంటే గడియారాన్ని తిప్పడమేమిటని ఆవిడ ఏటా నవ్వుతుంది. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మీకూ ఈ తిప్పుడు అలవాటే. అయితే దీన్ని ఒక పద్ధతిగా మొదట ప్రతిపాదించినవారిలో ఒకరు పోస్టాఫీసు గుమాస్తా అనీ, ఆయన మా వెల్లింగ్టన్ మనిషేననీ నాకు చాలాకాలం తెలియదు. ఆయన పేరు జార్జ్ వెర్నన్ హడ్సన్.

ఆయన గురించి తెలుసుకునే నాటికి నా పరిస్థితి మీలో చాలామంది పరిస్థితే. పగలంతా కంప్యూటర్ ఉద్యోగం. మా ఆవిడ ఆసుపత్రిలో షిఫ్టుల్లో పనిచేస్తుంది. సాయంత్రం పిల్లల ఈత క్లాసులు, వంట, అంట్లు. చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు నేర్చుకున్న వయొలిన్ బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతోంది. ఎవరైనా అడిగితే టైము లేదనేవాణ్ణి. మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం సీతాకోకచిలుకల గురించి వెతుకుతుంటే హడ్సన్ పేరు తగిలింది.

ఆయన 1867లో లండన్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచీ పురుగుల పిచ్చి. పద్నాలుగేళ్ళకే కీటకశాస్త్ర పత్రికలో ఆయన వ్యాసం అచ్చయింది. 1881లో తండ్రితో కలిసి న్యూజీలాండ్‌లోని నెల్సన్‌కు వచ్చారు. కొంతకాలం పొలం పని చేసి, 1883లో, పదహారో ఏట, వెల్లింగ్టన్ పోస్టాఫీసులో చేరారు. అక్కడే పనిచేస్తూ హెడ్ గుమాస్తా స్థాయికి ఎదిగి, 1918లో రిటైరయ్యారు. అంటే ముప్ఫై అయిదేళ్ళు ఒకే కొలువు. కీటకశాస్త్రం చదవడానికి ఏ విశ్వవిద్యాలయానికీ వెళ్ళలేదు.

ఉద్యోగం షిఫ్టుల్లో ఉండేది. షిఫ్టు దిగాక వెలుగు మిగిలి ఉంటే వల భుజాన వేసుకుని కొండల్లోకి, అడవిలోకి పోయేవారు. పట్టిన పురుగుల్ని వరుసగా పేర్చి, వాటి బొమ్మలు తానే రంగుల్లో వేసేవారు. పాతికేళ్ళు నిండే వేళకు, 1892లో, న్యూజీలాండ్ కీటకాల మీద తొలి పుస్తకం తెచ్చారు. 1898లో సీతాకోకచిలుకల మీద మరొకటి, 1904లో తూనీగల వంటి వాటి మీద ఇంకొకటి వచ్చాయి. 1907లో దక్షిణాన మంచుగాలులు వీచే దీవులకు వెళ్ళిన శాస్త్రవేత్తల బృందంలో ఈ గుమాస్తా కూడా ఉన్నారు.

ఆయనకు పగటి వెలుగు విలువ బాగా తెలుసు. మా ఊళ్ళో వేసవిలో గడియారం జరపకపోతే అయిదు కాకముందే తెల్లవారిపోతుంది. జనం ముసుగుతన్ని పడుకున్నప్పుడు ఆ వెలుగంతా వృథా. సాయంత్రం పని దిగేసరికి మాత్రం చీకటి తరుముకొస్తుంది. అందుకే 1895లో వెల్లింగ్టన్ ఫిలసాఫికల్ సొసైటీ ముందు ఒక పత్రం చదివారు. వేసవిలో గడియారాలు రెండు గంటలు ముందుకు జరిపితే, ఉద్యోగం చేసుకునేవాళ్ళకు సాయంత్రం తోటపనికో, ఆటలకో, ఇష్టమైన మరో పనికో వెలుగు దొరుకుతుందన్నది ఆయన వాదన. సభలో పెద్దలు ఎగతాళి చేశారు. ఆయన వదల్లేదు. 1898లో మళ్ళీ రాశారు.

ఇంగ్లండులో విలియం విల్లెట్ అనే బిల్డరు తన దారిన తాను ఇదే ఆలోచన ప్రచారం చేసింది 1907లో. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, బొగ్గు ఆదా కోసం జర్మనీ అమలులో పెట్టింది. న్యూజీలాండ్‌లో థామస్ సైడీ అనే పార్లమెంటు సభ్యుడు ఏళ్ళ తరబడి పట్టుబట్టి బిల్లులు పెడితే 1927లో చట్టమైంది. అదీ రెండు గంటలు కాదు, ఒక గంట. మరుసటి ఏడు దాన్ని కూడా అరగంటకు కుదించారు. 1933లో సైడీ పేరిట ఏర్పాటైన పతకం హడ్సన్‌కు దక్కింది. పత్రం చదివిన ముప్ఫై ఎనిమిదేళ్ళకు!

రిటైరయ్యాక పని ఇంకా పెరిగింది. 1928లో సీతాకోకచిలుకల మీద పెద్ద గ్రంథం, 1934లో పెంకు పురుగుల మీద పుస్తకం వచ్చాయి. 1946 ఏప్రిల్‌లో కరోరిలో కన్నుమూశారు. ఆ ఏడాది జనవరి నుంచే ఆ వేసవి అరగంటను దేశం శాశ్వత సమయంగా చేసుకుంది. ఆయన సేకరించిన కీటకాలు ఈనాడు టె పాపా జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. మనవడు జార్జ్ గిబ్స్ కూడా పేరున్న కీటకశాస్త్రవేత్త అయ్యారు.

ఇది చదువుతుంటే మన బ్రౌన్ దొర గుర్తొచ్చారు. ఆయనా కొలువు చేసుకుంటూనే 1829లో వేమన పద్యాలు అచ్చువేయించారు, 1852లో నిఘంటువు తెచ్చారు. చిత్రమేమిటంటే ఆయన కూడా మద్రాసులో పోస్టుమాస్టర్ జనరల్‌గా పనిచేసినవారే. ఈ ఇద్దరికీ ఉద్యోగం అన్నం పెట్టింది. మిగిలిన సమయంలో చేసిన పని పేరు నిలిపింది.

ఈ కథంతా ఉత్సాహంగా మా ఆవిడకు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, ఆయన పురుగుల వెంట తిరుగుతుంటే ఇంట్లో వంట ఎవరు చేశారని అడిగింది. హడ్సన్ 1893లో ఫ్లోరెన్స్‌ను పెళ్ళాడారు, వాళ్ళకు స్టెల్లా అనే అమ్మాయి అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు టైము లేదని నేననుకుంటున్నానే గానీ, పెళ్ళికి ముందు చక్కగా బొమ్మలు వేసే ఆ మనిషి కుంచె పట్టి ఎన్నేళ్ళయిందో నేనెప్పుడూ లెక్క వేయలేదు.

మర్నాడు ఇద్దరం కూర్చుని ఆమె షిఫ్టుల కాగితం ముందు పెట్టుకున్నాం. వారంలో రెండు సాయంత్రాలు ఆమెవి, రెండు నావి. ఆమె వంతు రోజున వంట, పిల్లలు, అంట్లు అన్నీ నా పని. మొదటి నెల పప్పు రెండుసార్లు మాడింది. వయొలిన్ తీగలు మార్పించాల్సి వచ్చింది. వేళ్ళు మొరాయించాయి, సరళీ స్వరాల దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను. కొన్ని వారాలు ఈ ఏర్పాటు చెడిపోతుంది కూడా. మళ్ళీ కాగితం తీస్తాం.

హడ్సన్ అడిగిన రెండు గంటల్లో మనకు దక్కింది ఒక్కటే. దాన్నయినా ఇద్దరం పంచుకుంటున్నాం. ఈసారి గడియారం ముల్లు తిప్పేటప్పుడు మీరూ ఆ గుమాస్తాను ఒక్కసారి తలుచుకోండి. అలాగే, ఆ గంట మీ ఇంట్లో ఎవరికి చెందుతోందో కూడా చూసుకోండి.