మృత్యుముఖంలో నాదోపాసన

లలితకళలలో సంగీతానికి విశిష్ట స్థానం ఉన్నది. పసిపాపను, పశువును, చివరకు పామును సైతం గానరసం పరవశింపజేస్తుందని మన పెద్దల విశ్వాసం. మానవ చరిత్రలో ఆ విశ్వాసానికి కఠినమైన పరీక్ష ఎదురైన సందర్భం ఒకటి ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హిట్లర్ నాయకత్వంలోని నాజీలు ఐరోపా ఖండంలో సుమారు 60 లక్షల మంది యూదులను సంహరించారు. సంహారకాండ సాగిస్తూనే తీరిక వేళలలో సంగీతం విని ఆనందించినవారు వారిలో ఉన్నారు. అటువంటి శ్రోతల ఎదుట వయొలిన్ చేతబట్టి, సంగీతాన్నే కవచంగా మలచి పలువురు స్త్రీల ప్రాణాలను నిలిపిన విదుషీమణి ఆల్మా రోజే.

ఆల్మా 1906 నవంబరు 3వ తేదీన ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించింది. తండ్రి ఆర్నాల్డ్ రోజే వియన్నా ఫిల్హార్మానిక్ వాద్యబృందంలో ప్రథమ వయొలిన్ విద్వాంసుడు. తల్లి యుస్టినా సుప్రసిద్ధ స్వరకర్త గుస్తావ్ మాలర్‌కు సోదరి. ఇట్టి ఇంట పుట్టిన ఆల్మాకు సంగీతం ఉగ్గుపాలతో అబ్బింది. తండ్రే ఆమెకు తొలి గురువు. 1926లో ఇరవై ఏళ్ల ప్రాయంలో తండ్రితో కలిసి వియన్నా సభలో వయొలిన్ వాయించి రసజ్ఞుల దృష్టిని ఆకర్షించింది. 1930లో చెక్ దేశీయుడైన వయొలిన్ విద్వాంసుడు వాషా ప్రిహోదాను వివాహమాడింది. ఆ దాంపత్యం 1935లో విచ్ఛిన్నమైంది.

తండ్రి కీర్తి, భర్త కీర్తి నడుమ తన ప్రతిభ మరుగున పడకుండా ఆల్మా స్వంత మార్గాన్ని ఎంచుకొన్నది. 1932లో కేవలం స్త్రీలతో ఒక వాద్యబృందాన్ని స్థాపించింది. వియన్నా వాల్ట్జ్ బాలికలు అన్న పేరుతో ఆ బృందం ఐరోపాలోని అనేక నగరాలలో కచేరీలు చేసి ప్రేక్షకుల మన్ననలు అందుకొన్నది. ప్రతి స్వరం తప్పులేకుండా పలకాలన్న పట్టుదల, క్రమశిక్షణ ఆ రోజులలోనే ఆమెకు అలవడినవి. అవే గుణాలు అనంతర కాలంలో మరొక బృందానికి ప్రాణాధారం కాగలవని నాడు ఊహించినవారు లేరు.

1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించింది. రోజే కుటుంబం అప్పటికి ఎన్నో ఏళ్ల క్రితమే క్రైస్తవ మతం స్వీకరించి ఉన్నది. అయినను మతాన్ని విడిచి వంశాన్నే లెక్కించే నాజీ చట్టం దృష్టిలో వారు యూదులే. 1881 నుండి సేవలందించిన ఆర్నాల్డ్‌ను పదవి నుండి తొలగించారు. ఆ సంవత్సరమే యుస్టినా కన్నుమూసింది. సోదరుడు ఆల్‌ఫ్రెడ్ అమెరికా ఖండానికి తరలిపోయాడు. 1939లో ఆల్మా తండ్రితో లండన్ చేరి ప్రాణాలు దక్కించుకొన్నది. కాని పరాయి దేశంలో వృద్ధుడైన తండ్రిని పోషించవలసిన బాధ్యత ఆమెపై పడింది. కచేరీల ద్వారా ధనం ఆర్జించడానికి ఆ సంవత్సరాంతంలో ఆమె ఒంటరిగా నెదర్లాండ్స్‌కు వెళ్లింది. 1940 మే నెలలో జర్మన్ సేనలు ఆ దేశాన్ని ముట్టడించినవి. తిరుగుదారి మూసుకుపోయింది.

కొంతకాలం ఇళ్లలో రహస్యంగా జరిగే కచేరీలలో వాయిస్తూ ఆల్మా కాలం గడిపింది. ప్రమాదం సమీపించగా, తన ప్రియమైన వయొలిన్‌ను మిత్రుని వద్ద దాచి, 1942 డిసెంబరులో స్విట్జర్లాండ్ దిశగా పలాయనమైంది. దారిలో ఫ్రాన్స్‌లోని దిజోన్ నగరం వద్ద పట్టుబడింది. పారిస్ సమీపంలోని డ్రాన్సీ నిర్బంధ శిబిరం నుండి 1943 జూలైలో ఆమెను పోలండ్‌లోని ఆష్విట్జ్‌కు తరలించారు. దాదాపు 11 లక్షల మంది అసువులు బాసిన ఘోర ప్రదేశమది. తొలుత స్త్రీలపై వైద్య ప్రయోగాలు జరిపే పదవ కట్టడంలో ఆమెను బంధించారు. ఆమె ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసురాలని తెలిసిన తరువాత బిర్కెనౌ స్త్రీల శిబిరానికి మార్చి, అక్కడి వాద్యబృందానికి నాయకురాలిని చేశారు.

ఆ బృందాన్ని శిబిరపు ప్రధాన పర్యవేక్షకురాలు మరియా మాండెల్ 1943 వసంతంలో ఏర్పరచింది. ఉదయం వెట్టిచాకిరికి పోయేటప్పుడు, సాయంకాలం తిరిగి వచ్చేటప్పుడు బందీలు అడుగు తప్పక నడవడానికి ద్వారం వద్ద వాయించడం బృందం విధి. అధికారుల వినోదార్థం కచేరీలు సైతం చేయవలసి ఉండేది. వయొలిన్లు, మాండలిన్లు, గిటార్లు, అకార్డియన్లు తప్ప పెద్ద వాద్యాలు అరుదు. వాయించేవారిలో పలువురు కేవలం అభ్యాసకులు. ఆల్మా దొరికిన వాద్యాలకు అనుగుణంగా స్వరరచనలను తిరగరాసి, దినానికి పలు గంటలు సాధన చేయించింది. తప్పు వాయించినవారిని క్షమించేది కాదు. టైఫస్ జ్వరం నుండి అప్పుడే కోలుకొన్న పద్దెనిమిదేళ్ల చెల్లో వాద్యకారిణి అనితా లాస్కర్ తప్పు వాయించినందుకు ఆమె చేత వారం రోజులు మోకాళ్లపై నేల తుడిపించింది.

ఈ కాఠిన్యానికి కారణం లేకపోలేదు. వాద్యం బాగున్నంత కాలమే బృందం నిలుస్తుంది. బృందం నిలిచినంత కాలమే అందులోని స్త్రీలు బ్రతుకుతారు. వాద్యాలు తేమకు పాడవుతాయన్న నెపంతో ఆల్మా తమ బసకు చెక్కనేలను, పొయ్యిని సాధించింది. చలిలో గంటల తరబడి నిలుచునే హాజరు నుండి తన వారికి మినహాయింపు సంపాదించింది. వాయించడం అంతంత మాత్రంగా వచ్చినవారిని సైతం వెళ్లగొట్టక, స్వరాలు నకలు వ్రాసే పనులు అప్పగించి కాపాడింది.

అయినను ఈ సంగీతం అందరికీ ఒక్క తీరుగా వినిపించలేదు. ఆకలితో తూలుతూ నడిచే బందీలలో కొందరికి అది క్షణకాలపు ఊరట. మరికొందరికి పుండుపై కారం. బృందంలోని గాయని ఫానియా ఫెనెలాన్ తన స్మృతులలో ఆల్మాను కఠినహృదయగా చిత్రించగా, తోటి వాద్యకారిణులు పలువురు ఆ చిత్రణను ఖండించారు. హంతకుల కొరకు వాయించడం తగునా అన్న ప్రశ్న తేలికగా తీరేది కాదు. నిరాకరణకు ఫలం మృత్యువే అయిన చోట, నలభై మందికి పైగా స్త్రీల బ్రతుకు తన చేతిలో ఉన్నదని ఎరిగి ఆల్మా నడచుకొన్నదన్న విషయం మాత్రం మనం మరువరాదు.

1944 ఏప్రిల్ తొలి దినాలలో ఆల్మా హఠాత్తుగా వ్యాధిగ్రస్తురాలై, 4వ తేదీ రాత్రి గడిచేలోగా మరణించింది. కలుషితాహారమే కారణమై ఉండవచ్చునని పలువురి అభిప్రాయం. అప్పటికి ఆమె వయస్సు 37 సంవత్సరాలు. నవంబరులో బృందంలోని యూదు స్త్రీలను జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి తరలించారు. 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సేనలు ఆ శిబిరాన్ని విముక్తం చేసేనాటికి వారిలో అత్యధికులు సజీవులై ఉన్నారు. లండన్‌లో కుమార్తె కొరకు నిరీక్షించిన ఆర్నాల్డ్‌కు ఆమె మరణవార్త మాత్రమే అందింది. 1946లో ఆయన సైతం పరమపదించాడు.

ఆల్మా మందలింపులు తిన్న అనితా లాస్కర్ యుద్ధానంతరం లండన్ చేరి, ఇంగ్లీష్ ఛాంబర్ ఆర్కెస్ట్రా స్థాపకులలో ఒకరై దశాబ్దాల పాటు చెల్లో వాయించింది. 2018లో జర్మన్ పార్లమెంటులో నిలిచి నాటి ఘోరాలను వివరించింది. తాను జీవించి ఉండడానికి ఆల్మాయే కారణమని ఆమె పలుమార్లు చెప్పింది. నెదర్లాండ్స్‌లో దాచిన వయొలిన్ సురక్షితంగా రోజే కుటుంబానికి చేరింది. ఆల్మాకు సమాధి లేదు. వియన్నాలోని గ్రింజింగ్ శ్మశానవాటికలో తల్లిదండ్రుల సమాధిఫలకంపై ఆమె పేరు చెక్కబడి ఉన్నది.