నాలుగు దయ్యాలతో పోరాడిన డోర్నకల్ బిషప్

సికింద్రాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే రైల్లో కాజీపేట, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. మనలో చాలామందికి అది బొగ్గు గనుల వైపు లైను చీలే స్టేషన్, అంతే. నూరేళ్ళ కిందట మాత్రం ఇంగ్లండ్‌లోనూ స్కాట్లాండ్‌లోనూ చర్చి వార్తలు చదివే ఇళ్ళలో ఆ ఊరి పేరు బాగా తెలుసు. అందుకు కారణం ఒక మనిషి. ఆయన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ ఆయనే.

ఈ స్వర్ణోత్సవ సంచికకు తమకు ఆదర్శమైన ఒకరి గురించి రాయమని సంపాదకవర్గం పాత విద్యార్థులను అడిగింది. మన బ్యాచ్ మిత్రులు ఇంజనీర్ల గురించో, శాస్త్రవేత్తల గురించో రాస్తారని తెలుసు. నేను అజరయ్యగారిని ఎంచుకున్నాను. క్రైస్తవ కుటుంబంలో పెరిగినవాడిగా చెడును ఎదిరించాలి, విశ్వాసంలో స్థిరంగా నిలబడాలి అన్న ప్రసంగాలు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఎదిరించడం అంటే సోమవారం పొద్దున లేచి ఏం చెయ్యాలో మాత్రం ఏ ప్రసంగమూ స్పష్టంగా చెప్పలేదు. ఈయన జీవితం చదివాక నాకు అది కొంత అర్థమైంది.

అజరయ్య తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న నాటి తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో తమిళ కుటుంబంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ ఊరి పాస్టరు. చాలా ఏళ్ళు ఎదురుచూశాక పుట్టిన కొడుకు కాబట్టి బైబిల్లోని హన్నా కథ తలుచుకుని శామ్యూల్ అని పేరు పెట్టారు. కొడుకు చదువు పూర్తి కాకముందే తండ్రి పోయారు. తల్లి ఎల్లెన్ మేజ్ఞానపురంలోని మిషన్ హాస్టల్లో మేట్రన్‌గా పనిచేస్తూ పెంచారు. తరవాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. ఆ డిగ్రీ లేని మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఇరవయ్యో పడిలోనే వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్ళి చేసుకున్నారు. కట్నం లేదు, ఆడంబరం లేదు. ఆమె చదువుకున్న మనిషి. తరవాతి రోజుల్లో డోర్నకల్ ప్రాంతపు ఆడవాళ్ళకు చదువు చెప్పడంలో భర్తకు ఎంత పేరుందో ఆమెకూ అంత వాటా ఉంది.

ఆ తిరుగుడులో ఆయనకు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. చర్చి మనదే, జనం మనవాళ్ళే. డబ్బు మాత్రం విదేశాలది, నిర్ణయాలు విదేశీయులవి. ఎవరో పెడితే తినే విశ్వాసానికి వెన్నెముక ఉండదని ఆయనకు అనిపించింది. అందుకే 1903లో తిరునెల్వేలి క్రైస్తవుల చేతనే, వాళ్ళ సొంత చందాలతోనే ఇండియన్ మిషనరీ సొసైటీని పెట్టించారు. 1905 క్రిస్మస్ రోజున సెరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టుకలోనూ ఆయనది ముఖ్యపాత్ర. మొదటి సొసైటీ తన మనుషులను పంపిన చోటు నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతం, డోర్నకల్.

ఇతరులను పంపుతున్నాను కదా, నేనెందుకు వెళ్ళకూడదు అన్న ప్రశ్న ఆయనను వదల్లేదు. 1909లో పట్నం ఉద్యోగం మానేసి, గురువుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ వచ్చేశారు. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద ఊరూరూ తిరిగారు.

మరుసటి సంవత్సరం ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్ళు ఇరవై మంది కూడా లేరు. అక్కడ మాట్లాడే అవకాశం అజరయ్యకు వచ్చింది. పొగిడి కూర్చుంటే అందరూ చప్పట్లు కొట్టేవారే. ఆయన అలా చెయ్యలేదు. మిషనరీలు భారతదేశం కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు అని ఒప్పుకున్నారు. కానీ తోటి మనిషిగా పక్కన కూర్చోబెట్టుకునే స్నేహం మాత్రం ఇవ్వలేదన్నారు. మాకు కావలసింది ఆ స్నేహమే అని అడిగి ముగించారు. సభలో కొందరికి కోపం వచ్చింది, కొందరు తల దించుకున్నారు. తనకు అన్నం పెట్టిన చేతుల ఎదుటే, కృతజ్ఞత తప్పకుండా నిజం చెప్పడం ఎంత కష్టమో ఉద్యోగాలు చేసిన మనకు తెలియనిది కాదు.

1912 డిసెంబర్ 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. అంతకుముందు అభ్యంతరాలు చాలా వచ్చాయి. తెల్లవాళ్ళు ఒక భారతీయుడి కింద ఎలా పనిచేస్తారని కొందరు మిషనరీలు అడిగారు. సాటి భారతీయ క్రైస్తవుల్లోనూ గిట్టనివాళ్ళున్నారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి నిలబడ్డారు కాబట్టి అది జరిగింది. మొదట అప్పగించిన మేత్రాసనం చిన్నది. తరవాతి సంవత్సరాల్లో కృష్ణా ప్రాంతం దాకా పెరిగింది. అప్పుడు ఇంగ్లీషు మిషనరీలు కూడా ఆయన కిందికే వచ్చారు. 1945లో చనిపోయేదాకా, ఒక ఆంగ్లికన్ మేత్రాసనానికి అధిపతిగా ఉన్న భారతీయుడు ఆయనొక్కరే.

ఆయన వద్దకు వచ్చినవాళ్ళు ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలు. ఊరి బావిలో నీళ్ళు తోడనివ్వరు. వెట్టిచాకిరీ తప్పదు. చేతికొచ్చిన కూలి సారా దుకాణానికో, వడ్డీ వ్యాపారికో పోతుంది. ఆ జనం మధ్య సాతాను గురించి గాలిలో మాట్లాడితే లాభం లేదని అజరయ్య గ్రహించారు. పల్లెను పట్టి పీడిస్తున్న నాలుగు దయ్యాలకు పేర్లు పెట్టారు: మురికి, రోగం, అప్పు, సారా. వీటిని వదిలించుకోవడం కూడా విశ్వాసంలో భాగమే అని బోధించారు.

ఇక్కడ ఇంజనీరుగా నాకు ఆయన పద్ధతి నచ్చింది. లోపం ఎక్కడుందో పేరు పెట్టి చెప్పకపోతే మరమ్మతు మొదలు కాదు. మురికికి విరుగుడు శుభ్రత పాఠాలు. రోగానికి మందు. అప్పుకు సహకార పరపతి సంఘాలు. సారాకు ఊరంతా కలిసి చేసుకున్న కట్టుబాటు. ఒక్కడే మానేస్తే సాయంత్రానికి స్నేహితులు లాక్కుపోతారు. పల్లె మొత్తం మానేస్తే నిలబడుతుంది. ప్రతి పల్లెకూ ఒక ఉపాధ్యాయుడు. పగలు పిల్లలకు చదువు, రాత్రి పెద్దలకు ప్రార్థన. చదువు రాని వాళ్ళకు వాక్యం తెలుగు కీర్తనల్లో, పాటల్లో, కథల్లో అందేది. రోజంతా పొలంలో వంగి పనిచేసినవాళ్ళు చీకటిపడ్డాక దీపం చుట్టూ చేరి పాడుకునేవారు. విశ్వాసంలో స్థిరపడటం అంటే వాళ్ళకు ఆ రోజువారీ అలవాటే.

దానికి తోడు ఇవ్వడం నేర్పారు. బీదవాడు పుచ్చుకునేవాడే అన్న ఆలోచన ఆయనకు ఒప్పుదల కాదు. వంట చేసే ముందు పిడికెడు బియ్యం దేవుడికని పక్కన పెట్టే పద్ధతి మన తెలుగు సంఘాల్లో చాలామందికి తెలుసు. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. గుప్పెడు బియ్యం ఇచ్చిన తల్లి ఆ చర్చిలో బిచ్చగత్తె కాదు, హక్కుదారు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళ చేత తల మీద చెయ్యి పెట్టించి, ఈ సువార్తను నేనూ ఇతరులకు చెబుతాను అని ప్రమాణం చేయించేవారు. నిన్నటిదాకా ఊళ్ళో నోరెత్తలేని మనిషికి అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

అయిదో దయ్యం ఒకటుంది, అది చర్చి లోపలే ఉంది. మాలలూ మాదిగలూ ఒకే ప్రభువును నమ్ముతారు, ఒకే గిన్నెలో పాలుపంచుకోవడానికి వెనకాడతారు. పై కులాల నుంచి వచ్చినవాళ్ళు ఈ ఇద్దరికీ దూరంగా కూర్చుంటారు. అజరయ్య ఇక్కడ రాజీ పడలేదు. ప్రభు బల్ల దగ్గర వరసలు వేరు చెయ్యడానికి వీల్లేదన్నారు. గురువుల శిక్షణలోనూ అన్ని కులాలవాళ్ళనూ కలిపే ఉంచారు. 1930ల నాటికి లక్షకు పైగా క్రైస్తవులు, వందకు పైగా భారతీయ గురువులు ఆ మేత్రాసనంలో ఉన్నారు.

బయటివాళ్ళతోనూ ఆయనకు ఘర్షణ తప్పలేదు. పల్లెలకు పల్లెలు మతం మారడాన్ని గాంధీగారు ఒప్పుకోలేదు, బహిరంగంగా విమర్శించారు. అణగారినవాళ్ళకు తమ విశ్వాసాన్ని తామే ఎంచుకునే హక్కు ఉందని అజరయ్య తన మాట మీద నిలబడ్డారు. ఇద్దరి వాదాల్లోనూ బలం ఉందని నాకు తోస్తుంది, ఇక్కడ తీర్పు చెప్పబోను. కానీ ఒక సంగతి గమనించాలి. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలా అన్న చర్చ 1930ల మొదట్లో జోరుగా సాగింది. తన సంఖ్యాబలం పెరుగుతున్న నాయకుడు ఎగిరి గంతేసి పుచ్చుకోవలసిన బహుమతి అది. అజరయ్య వద్దన్నారు. ఓట్ల లెక్కలోకి దిగితే చర్చి మరో కులంగా మిగిలిపోతుందని ఆయన భయం. శత్రువు చేసే కీడును ఎదిరించేవాళ్ళు చాలామంది దొరుకుతారు. మేలు రూపంలో వచ్చిన ప్రలోభాన్ని తిప్పికొట్టేవాళ్ళు తక్కువ.

డోర్నకల్‌లో ఎపిఫనీ కతీడ్రల్ ఆయన కల. ఏళ్ళ తరబడి సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఇంగ్లండ్ చర్చిల నకలు కాకుండా కట్టించారు. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, చెక్కిన స్తంభాలు దక్షిణాది గుడి మండపాన్ని గుర్తుచేస్తాయి. తమ చుట్టూ ఉన్న నేలను అసహ్యించుకోకుండానే క్రైస్తవుడు క్రైస్తవుడిగా నిలబడగలడని ఆ రాళ్ళే చెబుతాయి.

విడివిడిగా ఉన్న ప్రొటెస్టంట్ శాఖలు ఒకటి కావాలని ఆయన జీవితమంతా పాటుపడ్డారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అనేది, ఏర్పడింది. మోషే లాగా ఆయన ఆ దేశాన్ని దూరం నుంచే చూశారు.

ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు సర్వాంగ కవచం గురించి చెబుతాడు. ఆ భాగంలో పరుగెత్తడం, దాడి చెయ్యడం కన్నా నిలబడటం గురించే ఎక్కువ ఉందని అజరయ్య జీవితం చదివాకే గమనించాను. నా వృత్తిలో నిలబడటం చాలా చిన్న చోట్ల జరుగుతుంది. వెయ్యని కంకరకు మెజర్‌మెంట్ బుక్కులో కొలత రాయమంటారు. సంతకం పెట్టకపోతే బదిలీ, పెడితే పై నుంచి మెప్పు. ఆ నిమిషంలో ఆవేశం పనికిరాదు, అంతకుముందు పదేళ్ళుగా ఉన్న అలవాటే పనికొస్తుంది. నాకు తెలిసిన నిజాయితీపరులైన ఇంజనీర్లు, ఏ మతంవాళ్ళయినా, అలా అలవాటుతో నిలబడ్డవాళ్ళే.

అయిదో దయ్యం మాత్రం ఇంకా పోలేదు. ఈనాటికీ క్రైస్తవ పెళ్ళి ప్రకటనల్లో కులం పేరు చూస్తాం. కొన్ని ఊళ్ళలో సమాధుల తోటలు కూడా వేరు. చర్చి బయట మనం ఎవరి మీద ఎన్ని ఫిర్యాదులు చేసినా, లోపలి ఈ సంగతికి జవాబు మనమే చెప్పాలి.

ఇది క్రైస్తవులకే పరిమితమైన మాట కూడా కాదు. శ్రీనగర్ కాలనీలో మన బడి బెంచీల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో కులమూ మతమూ నిర్ణయించలేదు. ఒకే డబ్బాలోంచి పులిహోర, ఒకే డబ్బాలోంచి క్రిస్మస్ కేకు, ఒకే డబ్బాలోంచి రంజాన్ సేమ్యా తిన్నాం. నలభై ఏళ్ళయ్యాక అదే పిల్లలం ఫోన్లలో ఒకరి దేవుణ్ణి ఒకరు, ఒకరి కులాన్ని ఒకరు కించపరిచే సందేశాలు పంపుకుంటున్నాం. ఎవరైనా అభ్యంతరం చెబితే గ్రూపు వదిలి వెళ్ళిపోతున్నాం. ఎడింబరోలో ఆ ముప్పై అయిదేళ్ళ పల్లె గురువు అడిగిన స్నేహం మనకు బడిలో అడగకుండానే దొరికింది. అటువంటి సందేశం ఈసారి వచ్చినప్పుడు ముందుకు పంపకుండా ఆపి, పంపినవాడికి ఫోన్ చేసి మాట్లాడదాం. గ్రూపు మాత్రం వదలొద్దు.